లెక్క పెట్టే దీపం

కిషోర్ పోయిన తర్వాత కూడా అతని దీపం ఆరలేదు. పొద్దు గుంకగానే పులికాట్ నీళ్ళలో, వాళ్ళ గుంజ మీద, అది వెలిగేది. నింపాదిగా వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగేది. కొంతసేపటికి ఉన్నట్టుండి జోరు అందుకునేది. కన్ను అదిరినట్టు గబగబా కొట్టుకునేది. ఆ జోరుకు అర్థం మా జాలరి కుప్పంలో పిల్లలకు కూడా తెలుసు. కిషోర్ గుంజ నుంచి పడవ తాడు తీశాడు, ఇంటికి బయలుదేరాడు అని.

ఇప్పుడు ఆ గుంజకు పడవ లేదు. తాడు లేదు. కిషోర్ లేడు. జోరు మాత్రం రోజూ వస్తోంది.

కిషోర్ నా చెల్లెలు ముసలమ్మ కొడుకు. కార్తీకంలో వాయుగుండం పట్టిన సాయంత్రం, వలల దగ్గరికి పోయినవాళ్ళందరూ గాలి చూసి ఇసకదిబ్బ ఎక్కి కూర్చున్నారు. తెల్లారాక వచ్చారు. కిషోర్ ఒక్కడే నిలవకుండా పడవ తోసుకుని బయలుదేరాడు. ఆపితే, "లేదన్నా, పోవాల" అన్నాడట. ఎందుకు పోవాలో చెప్పలేదట. పడవ బోర్లాపడి మొగ దగ్గర దొరికింది. మనిషి దొరకలేదు. మొగ దాటితే సముద్రమే.

నీళ్ళలో పోయిన మనిషి దొరక్కపోతే మా వాళ్ళు గడ్డితో బొమ్మ చేసి, టెంకాయ తల పెట్టి, దానికి నిప్పు పెడతారు. అప్పుడే ఆ మనిషి పోయినట్టు లెక్క. అంతదాకా ఆ ఇంటి పాడులో ఎవరూ వల కట్టరు. పాడు అంటే, ఏ ఇంటివాళ్ళు ఎక్కడ వల కట్టాలో చీట్లు వేసి పంచుకున్న నీళ్ళు. కిషోర్ పాడు మొగకు దగ్గర. రొయ్య బాగా దిగే చోటు. అది ఖాళీగా పడి ఉంది. ఆ పక్క నుంచి పడవ తోసుకుపోయేవాళ్ళు కూడా దీపం జోరు అందుకోకముందే దాటిపోవాలని చూసేవాళ్ళు.

కర్మకు అడ్డం పడింది కిషోర్ భార్య స్వర్ణ. మాఘం వచ్చేసరికి మా కుప్పానికి పెద్ద అయిన పెద్దకాపు జయరామయ్య ఓపిక పట్టలేక ఆమె వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. నన్ను కూడా పిలిపించారు.

"అమ్మా స్వర్ణా," అన్నాడు జయరామయ్య, "కర్మ చేయించను దొరవారిసత్రం నించి దాసరయ్యను పిలిపిస్తాను. నువ్వు ఊ అను చాలు."

స్వర్ణ వల మీద నుంచి తల ఎత్తలేదు. "రోజూ ఆ తాడు ఎవురు తీస్తా ఉండారో చెప్పు పెదనాయనా. చెప్పినాక నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తా."

"ఆడ తాడు యాడుంది తల్లీ. పడవ యాడుంది."

"అందుకే గదా అడగతా ఉండేది."

ముసలమ్మ గడప మీద కూర్చుని ఉంది. "చూసినావా అన్నా," అంది నాతో. "కన్నతల్లిని, నా కలలోకి ఒక్కనాడన్నా రాడు వాడు. పెళ్ళానికి మాత్రం రోజూ దీపమేసి కబురు పెడతాడు. బతికినప్పుడూ అంతే. అందరూ పోటు చూసుకోని ఇంటికొస్తే, వీడు దీని అన్నం ఉడికే టయానికి వచ్చేవాడు."

"నువ్వు నవ్వలా అప్పుడు?" అంది స్వర్ణ.

"అప్పుడు నవ్వినాను. ఇప్పుడు కూడా నవ్వమంటావా."

జయరామయ్య భుజం మీది తువ్వాలు తీసి విదిలించి మళ్ళీ వేసుకున్నాడు. "ఏదో తీగ తగులుకోని కొట్టుకుంటా ఉంటాది. ఉప్పుగాలికి ఏ సామాను నిలిచింది కనక. పోలేరయ్యా, నీకు తెలిసిన పనే గదా ఇది. నువ్వు చెప్పరాదా."

నాకు తెలిసింది రేడియోలు, టార్చిలైట్లు, మైకుసెట్లు. వలకు పోవడం మానేశాక అదే నా కాలక్షేపం. ఎవరూ చెయ్యమనకపోయినా ఏదో ఒకటి విప్పి బిగిస్తూ ఉంటాను. కిషోర్ టంకం వెయ్యడం నా బల్ల దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత సెల్లులో చూసి చిప్పుల పని పట్టుకున్నాడు. అతనే చేసిన ఆ దీపంలో ఉన్నది ఎనిమిది కాళ్ళ చిప్పు. మినపగింజకంటే కొంచెం పెద్దది. అందులో మనం ఏది రాస్తే అది చేస్తుంది. అతను ఏం రాశాడో నాకు తెలియదు. అదే చెప్పాను.

"తెల్దు" అన్నాను.

మరునాడు పొద్దున స్వర్ణ నా బల్ల దగ్గరికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"మావా, ఆ తాడు కొసకు ఉంగరం ఉండాది గదా. దాంట్లో అయస్కాంతం పెట్టినానని చెప్పినాడు నాతో. ఉంగరం గుంజ నించి తీస్తేనే దీపానికి తెలస్తాదంట. జోరు రాంగానే ఎసరు పెట్టు, నీళ్ళ నడుమ సెల్లు పలకదు, ఇదే నా ఫోను అన్నాడు."

"ఊ."

"ఆయన రాసింది నువ్వు చదివి చెప్పు. తాడు తీస్తేనే కొట్టుకోవాలని రాసుంటే, ఎవురో తీస్తా ఉండారు. నేను ఎవురు చెప్పినా వినను. ఇంకేదన్నా రాసుంటే ఆయన లేడు. దాసరయ్యను పిలవమని నేనే చెప్తా."

"చదవాలంటే దానికి ఒకటి తయారు చెయ్యాల."

"చెయ్యి."

"నాకు చేత కాకపోతే?"

"నీకు చేతనవతాది," అని వెళ్ళిపోయింది.

నేను ఎండ బాగా ఉండగానే పడవ తోసుకుని ఒక్కడినే గుంజ దగ్గరికి పోయాను. తోడు రమ్మంటే ఎవరూ రాలేదు. నడుము లోతు నీళ్ళు. గుంజకు నాచు పట్టి ఉంది. తాడు ఒరుసుకున్న గాడి మాత్రం ఇంకా తెల్లగానే ఉంది. దీపం ఉన్న డబ్బా విప్పడానికి వంగితే నా ముఖం ముందే దీపం వెలిగింది. వెనక్కు జరిగాను. ఆరింది. మళ్ళీ వంగితే మళ్ళీ వెలిగింది. నా నీడ సోలారు పలక మీద పడుతోంది, దానికి చీకటి పడినట్టు అనిపిస్తోంది అని తెలుసుకోవడానికి కొంచెంసేపు పట్టింది. తెలిశాక డబ్బా ఊడదీసి పడవలో పెట్టుకున్నాను.

ఇంటికి తెచ్చి మూత తీస్తే లోపల అంతా గుగ్గిలం. పడవ సందులకు నూనెతో కాచి పోస్తామే, అదే పోశాడు, నీళ్ళు దిగకూడదని. చిప్పు ఉన్న చోట మాత్రం పోయలేదు. అది చిల్లుల దిమ్మెలో గుచ్చి ఉంది. పైకి లాగితే వచ్చేట్టు వదిలాడు. నేను మిగతాది కదపకుండా చిప్పు ఒకటే పైకి తీసుకున్నాను.

దాన్ని చదివేదాన్ని ప్రోగ్రామర్ అంటారు. కంప్యూటర్ మాట చిప్పుకు, చిప్పు మాట కంప్యూటర్‌కు చేరవేసే మధ్యవర్తి. కొనుక్కోవచ్చు. కానీ చేసుకుంటేనే అది ఏం మాట్లాడుతోందో నాకు తెలుస్తుంది. సూళ్ళూరుపేటలో సెల్లుల షాపు పెట్టుకున్న బెన్హర్‌ను అడిగాను. కుర్రవాడే గాని ఓర్పు ఉన్నవాడు. కాగితం మీద తీగలు గీసి ఇచ్చాడు. మూసేసిన నెట్ షాపులో మూల పడి ఉన్న, వెనక డొప్ప ఉన్న పాత కంప్యూటర్ ఇప్పించాడు. "పాతదే కావాల తాతా. కొత్తవాటికి ప్రింటర్ తీగ పెట్టే చోటు ఉండదు. దీనికైతే తీగలు, నాలుగు రెసిస్టర్లు చాలు" అన్నాడు.

పాత ప్రింటర్ తీగ తెగ్గోసి, లోపలి పోగులు విడదీసి, ఏ పోగు ఏ పిన్నుకు పోతుందో బ్యాటరీ, బల్బు పెట్టి చూసుకున్నాను. కావలసిన పోగులకు తలా ఒక ముడి వేసుకున్నాను, రంగులు నా కళ్ళకు సరిగ్గా ఆనవు గనక. చిల్లుల బోర్డు మీద ఎనిమిది కాళ్ళ దిమ్మె పెట్టాను. ఒక పోగు చిప్పుకు మాట చెప్పేది. ఒకటి చిప్పు బదులు చెప్పేది. ఒకటి తాళం వేసేది, భజనలో తాళం వేసినట్టు, ఎప్పుడు వినాలో ఎప్పుడు చెప్పాలో. ఇంకొకటి చిప్పు తన పని మానుకుని మన మాట వినేట్టు గొంతు పట్టుకునేది. ఒక్కోదానికి నడుమ ఒక రెసిస్టర్, పొరపాటు జరిగినా పొగ రాకుండా. కరెంటుకు సెల్లు ఛార్జర్.

అది తయారయ్యేదాకా రోజూ సాయంత్రం కుప్పంలో అందరూ నీళ్ళ వైపు చూశారు. గుంజ మీద దీపం లేదని తెలుసు. అయినా చూశారు. మూడో ఇంటి చిన్నపోలయ్య తనకు కనిపించిందని చెప్పాడు. జోరు కూడా అందుకుందన్నాడు. నేను చిప్పును నా బల్ల సొరుగులో అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను. ఆ మాట విన్న తర్వాత ఒకసారి సొరుగు లాగి చూసుకున్నాను. ఉంది.

చిప్పును దిమ్మెలో గుచ్చిన రోజు స్వర్ణ వచ్చి కూర్చుంది. ముసలమ్మ గుమ్మం బయట నిలబడింది. బెన్హర్ పెద్ద అక్షరాలతో రాసిచ్చిన మాటలు ఒక్కొక్కటి వెతుక్కుంటూ కొట్టాను.

"ముందు ఏం అడగతావు?" అంది స్వర్ణ.

"పేరు. ప్రతి చిప్పుకూ ఒక పేరు ఉంటాది. అది సరిగా చెప్తే తీగలు సరిగా ఉండాయని."

నల్లతెర మీద ఏమీ రాలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ రాలేదు. ఇంకొకసారి అడిగితే ఏదో పేరు వచ్చింది. ఆ మరుసారి వేరే పేరు వచ్చింది.

"ఎవురెవురి పేర్లో చెప్తా ఉండాడు" అంది ముసలమ్మ బయట నుంచి.

బెన్హర్‌కు ఫోన్ చేశాను. తీగల పొడుగు ఎంత అని అడిగాడు. చెప్పాను. అతను నవ్వాడు. "తాతా, నువ్వేమన్నా గాలం వేస్తా ఉండావా. జానెడు చాలు. పొడుగైతే మాట దారిలోనే చెదిరిపోతాది."

తాడు ఎప్పుడూ మిగులు ఉంచుకోవాలి, కోస్తే మళ్ళీ అతకాలి. మా చేతులకు చిన్నప్పటి నుంచి వచ్చిన బుద్ధి అది. ఆ బుద్ధితోనే తీగలు బారెడు బారెడు వదిలాను. అన్నీ కోసి జానెడు చేసి మళ్ళీ టంకం వేశాను. అప్పుడు పేరు అడిగితే వెంటనే చెప్పింది. ఎన్నిసార్లు అడిగినా అదే పేరు. బెన్హర్ రాసిచ్చిన కాగితం మీద ఉన్న పేరే.

"ఇప్పుడు చదవమను" అంది స్వర్ణ.

చదవమన్నాను. తెర మీద అంకెల వరసలు దిగాయి. నేను వేలు పెట్టి పైకి చదివాను. సున్నా, సున్నా. ఒకటి, ఒకటి. రెండు, రెండు. మూడు, మూడు. తొమ్మిది దాటాక ఇంగ్లీషు అక్షరాలు కలిసి వచ్చాయి, అవి కూడా వరసగానే. చివరిదాకా పోయి, మళ్ళీ సున్నా, సున్నా నుంచి మొదలయ్యాయి.

"ఏంది మావా ఇది?"

"లెక్క."

"ఏం లెక్క?"

"తెల్దు. ఉత్త లెక్కే. ఒకటి తర్వాత ఒకటి."

మళ్ళీ చదవమన్నాను. అదే. తీగలు ఊడదీసి మళ్ళీ అతికి చదివించాను. అదే. నేను ఏం అడిగినా అది మొదటి నుంచి నిదానంగా లెక్క పెడుతోంది, ప్రతి అంకెనూ రెండేసిసార్లు.

స్వర్ణ తెర మీదికి వంగింది. "ఎవురిని లెక్క పెడతా ఉండాడు?" అంది.

ఈ మాట ముసలమ్మ నోటి నుంచి కుప్పమంతా పోయింది. కిషోర్ నీళ్ళ అడుగున కూర్చుని లెక్క పెడుతున్నాడు, లెక్క పూర్తయితే ఇంకొకరిని తీసుకుపోతాడు అన్నారు. మా వాళ్ళు పట్టిన చేపను కూడా ఒకటి అని లెక్కపెట్టరు, లాభం అని మొదలుపెడతారు. వీడు సున్నా నుంచి మొదలుపెట్టాడు, అది మంచిది కాదన్నారు. జయరామయ్య కూడా నా దగ్గరికి వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "లెక్క యాడిదాకా వచ్చినాది?" అని అడిగాడు.

"దానికి కొస లేదు" అన్నాను. అది ఆయనకు నచ్చలేదు.

బెన్హర్ స్వయంగా వచ్చాడు. కంప్యూటర్ ముందు కూర్చుని ఒకసారి పేరు అడిగాడు, ఒకసారి చదివించాడు. వెనక్కు వాలాడు.

"నీ ప్రోగ్రామర్ బాగుండాది తాతా. తప్పేం లేదు. ఆయన లాక్ వేసినాడు. లాక్ వేసిన చిప్పును లోపల ఏముందని అడిగితే ఇది చేసేది ఇంతే, లెక్క పెడతాది. బయటివాళ్ళకు చెప్పకూడదని."

"తీసే దారి లేదా?" అంది స్వర్ణ.

"ఉందక్కా. తుడిచేస్తే లాక్ పోతాది. దాంతో పాటు లోపల ఉండేది కూడా పోతాది. అది అట్టానే చేసినారు."

"ఎవురి కోసం వేసినాడు లాక్కు?"

"అందరూ వేస్తారక్కా. ఇంకొకరు కాపీ కొట్టి అట్టాంటి దీపమే పెట్టుకోని, ఆయన పాడులోకి వచ్చి వల దులుపుకుపోకుండా."

"నాక్కూడానా?"

బెన్హర్ నా వైపు చూశాడు. టీ తాగకుండానే బస్సు వేళయిందని లేచాడు.

అతను పోయాక కూడా స్వర్ణ బల్ల దగ్గరే ఉంది. "అయితే చెప్పడన్నమాట" అంది. "నేను ఎట్టా ఉండేదాన్ని అట్టానే ఉంటా మావా. చెప్పేదాకా."

ఇరవై ఏళ్ళు దాటి ఎంతో లేదు ఆ పిల్లకు. నేను నచ్చజెబితే ఒప్పుకునేది కాదు, నేను అబద్ధం చెబితే వినేది కాదు. చిప్పు చెప్పకపోతే మిగతా సామాను ఏమన్నా చెబుతుందేమోనని, డబ్బాలో గుగ్గిలం గోకడం మొదలుపెట్టాను. వేడి చేస్తే లోపలివి పాడవుతాయని గోరుతో, సూదితో, కొంచెం కొంచెం. గోకేకొద్దీ కిషోర్ పడవ వాసన వచ్చింది.

అడుగున గాజుస్విచ్ కనిపించింది. అగ్గిపుల్ల అంత గొట్టం, లోపల రెండు సన్నని రేకులు. అయస్కాంతం దగ్గరికి వస్తే రేకులు అతుక్కుంటాయి, దూరం పోతే విడిపోతాయి. తాడు ఉంగరం సంగతి దానికే తెలియాలి. గాజు నడుమకు చిట్లి ఉంది. చిట్లిన సందులోకి గుగ్గిలం దిగి, రేకుల చుట్టూ గడ్డకట్టి ఉంది. అయస్కాంతం తెచ్చి పెట్టాను. రేకులు కదల్లేదు. కదలవు. కాగిన గుగ్గిలం పడవ చెక్కకు పోసినట్టు పోశాడు. చెక్క తట్టుకుంటుంది, ఆ గాజు ఎక్కడ తట్టుకుంటుంది. పోసిన నిమిషాన్నే చిట్లి ఉంటుంది.

ఆ స్విచ్ ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. మరి ఇన్నాళ్ళూ జోరు ఎట్లా వచ్చింది?

స్వర్ణను, ముసలమ్మను పిలిచాను. మిట్టమధ్యాహ్నం. బల్ల మీద చిప్పు, చిన్న బ్యాటరీ, ఒక లైటు, సోలారు పలక. అంతే. గాజుస్విచ్ లేదు, ఉంగరం లేదు, తాడు లేదు. పగిలిన స్విచ్‌ను వేరే పళ్ళెంలో పెట్టి వాళ్ళకు చూపించాను. పలక మీద అన్నం సట్టి బోర్లించాను.

దీపం వెలిగింది. నింపాదిగా వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది.

బయట ఎండలో కోడి ఏదో గీరుతున్న చప్పుడు. ముసలమ్మ ఒకసారి లేవబోయి, మళ్ళీ కూర్చుంది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఇంక రాదేమో అనుకుంటుండగా దీపం జోరు అందుకుంది.

స్వర్ణ గబుక్కున వాకిలి వైపు తిరిగింది. ఎండలో నీళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఎవరూ లేరు. ఆమె మెల్లగా మళ్ళీ బల్ల వైపు తిరిగింది.

"తాడు లేదు గదా" అంది.

"లేదు."

"మరి?"

"చీకటి పడినప్పటి నించి ఇంతసేపని లెక్క పెట్టుకుంటాది. లెక్క అయిపోతే కొట్టుకుంటాది. స్విచ్ పగిలిపోయినాక అట్టా రాసుంటాడు."

"ఎప్పుడు పగిలింది?"

"గుగ్గిలం పోసిన నాడే."

"అంటే మొదట్నించీ."

"మొదట్నించీ."

ఆమె పళ్ళెంలోని గాజుముక్కను వేలితో ఒకసారి అటు, ఒకసారి ఇటు దొర్లించింది. "నాతో చెప్పొచ్చు గదా పగిలిందని. నేనేమన్నా కొట్టేదాన్నా."

ముసలమ్మకు ఇంకా అర్థం కాలేదు. "అదెట్టా," అంది. "జోరు వచ్చిందంటే వాడు వచ్చేవాడు గదా. ఒక్కనాడన్నా తప్పినాడా? వాడు తాడు తియ్యకుండా దీపం కొట్టుకుంటే, వాడు వస్తా ఉండాడని దానికి ఎట్టా తెలస్తాది?"

నాకు అప్పటికే తెలిసింది. పళ్ళెం పక్కకు జరిపాను.

"దీపానికి తెలవదత్తా," అంది స్వర్ణ. "ఆయనకు తెలుసు. దీపం కొట్టుకుంటే నేను ఎసరు పెడతానని తెలుసు. అది చూసి ఆయనే వచ్చేవాడు."

దీపం ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"వల సగంలో వదిలేసి వచ్చేవాడు," అంది స్వర్ణ. "రొయ్య తక్కువ పడిందేమని అడిగితే నవ్వేవాడు."

కొంగు సర్దుకుని నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు గాలి చూసి, రాడులే అనుకున్నాను మావా. కూర్చోనే ఉన్నాను. దీపం కొట్టుకుంది. లేచి ఎసరు పెట్టినాను."

ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సట్టి ఎత్తేశాను. వెలుతురు పడగానే దీపం ఆరిపోయింది.

దాసరయ్యను పిలవమని స్వర్ణ తనే పోయి జయరామయ్యతో చెప్పింది. ఎట్లా ఒప్పుకుందని ఆయన నన్ను అడిగాడు. చిప్పు చెప్పిందన్నాను. అంతకంటే ఎవరికీ చెప్పలేదు. దిబ్బ మీద కిషోర్‌ను ఆపలేకపోయినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. ఎందుకు పోవాలన్నాడో చెబితే ఆయనకు నిద్ర పట్టదు.

కర్మకు ముందు రోజు నేను స్వర్ణను అడిగాను. "చిప్పు తుడిచి ఇస్తా. కొత్తదానిలాగా పని చేస్తాది. నిలకడగా వెలిగేట్టు రాసి గుంజ మీద పెడదాం."

"వద్దు మావా. తుడవబాక."

"మరి ఏం చేస్తావు?"

"దాచుకున్నది గదా. దాచుకున్నట్టే పోనీ."

గట్టున బొమ్మ పడుకోబెట్టారు. గడ్డి కాళ్ళు, గడ్డి చేతులు, టెంకాయ తల, దాని మీద కిషోర్ తువ్వాలు. చనిపోయినవాడి చెయ్యి తగిలిన వస్తువు ఏదైనా రొమ్ము మీద పెట్టాలని దాసరయ్య అన్నాడు. ముసలమ్మ పడవ తోసే గెడకర్ర తెచ్చింది. స్వర్ణ కొంగు ముడి విప్పి చిప్పు తీసింది. దాసరయ్య దాన్ని వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏంది తల్లీ ఇది, పురుగులాగా ఉండాది?"

"ఆయన రాసింది," అంది.

దాసరయ్య ఇంకేమీ అడగకుండా గడ్డి విడదీసి లోపల పెట్టాడు. గాలి తూర్పు నుంచి కొడుతోంది. నిప్పు ఒక్క ఊపున అంటుకుంది. గడ్డి కాలడానికి ఎంతసేపు. స్వర్ణ చివరిదాకా చూసింది. గుంజ వైపు మాత్రం చూడలేదు.

గుంజ మీద దీపం లేకపోతే పడవలు గుద్దుకుంటాయి. అందుకని నా ప్రోగ్రామర్‌తో కొత్త చిప్పులో నేనే రాశాను. బెన్హర్ ఫోనులో అక్షరం అక్షరం చెప్పాడు. చీకటి పడితే వెలుగు, తెల్లారితే ఆరు, అంతే. గుగ్గిలం పొయ్యలేదు, మైనం పోశాను.

"లాక్ వేసినావా తాతా?" అని అడిగాడు బెన్హర్.

"లేదు."

"వెయ్యి మరి. ఎవురన్నా కాపీ కొడతారు."

"కొట్టనీలే" అన్నాను.

ఇప్పుడు ఆ పాడులో చిన్నపోలయ్య వాళ్ళు వల కడుతున్నారు. స్వర్ణకు భాగం ఇస్తున్నారు. దీపం నిలకడగా వెలుగుతుంది, కొట్టుకోదు. అయినా పొద్దు గుంకాక, పాత దీపం జోరు అందుకునే వేళ వచ్చేసరికి కుప్పంలో మాటలు ఆగిపోతాయి. ఎవరూ ఎవరినీ ఆపమనరు, వాటంతట అవే ఆగుతాయి. స్వర్ణ నీళ్ళకు వీపు పెట్టి వల బాగు చేస్తూ ఉంటుంది. ఆ కాసేపు ఆమె చెయ్యి కూడా కదలదు. ఎవరో ఒకరు దగ్గుతారు. అప్పుడు మాటలు మళ్ళీ మొదలవుతాయి.